ఆ ట్రంకు పెట్టెల దాకా రండి: రెండు తెలుగు రాష్ట్రాల ఆర్కైవ్స్ సంచాలకులకు బహిరంగ లేఖ



రాజకీయ నాయకుల ఉత్తరాలు, వాళ్లు సంతకం చేసిన ఫొటోలు సేకరించే అభిరుచి ఉన్నవాణ్ణి నేను. కోఠీ పాత పుస్తకాల కొట్లు, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు, విజయవాడ లెనిన్ సెంటర్, జిల్లా కేంద్రాల్లో పాత కాగితాలు తూకానికి కొనే దుకాణాలు నేను ఎక్కువగా తిరిగే చోట్లు. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడకముందు తెలుగు కుటుంబాల కాగితాలు అక్కడ కట్టలుగా దొరికేవని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. ఈ తిరుగుడులో నాకు అర్థమైన విషయం ఒకటి మీ దృష్టికి తేవాలని, అది నలుగురి ముందూ జరిగితే మంచిదని, ఇలా రాస్తున్నాను.

ఈ కాగితాలు దుకాణానికి ఎలా వస్తాయో చెబుతాను. జైలుకు వెళ్లివచ్చిన ఒక పెద్దాయన పోతారు. కొన్నేళ్లకు ఆయన భార్య కూడా పోతుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో స్థిరపడి ఉంటారు. పెంకుటిల్లు అమ్మకానికి పెడతారు. మంచాలు, ఇత్తడి బిందెలు, గోడ గడియారం పంచుకుంటారు. అటక మీది ట్రంకు పెట్టె దించి చూస్తే అందులో పసుపు రంగుకు తిరిగిన పోస్టుకార్డులు, కార్బన్ కాపీలు, అంచులు చెదలు కొట్టిన ఫొటోలు. తీసుకుపోవడానికి విమానంలో చోటు లేదు, చదవడానికి తీరిక లేదు, పారేయడానికి మనసు రాదు. చివరికి ఇల్లు కొన్నవాళ్లే ఆ పెట్టె ఖాళీ చేస్తారు. కాగితం కిలోల లెక్కన పోతుంది, ఇనుము వేరే లెక్కన పోతుంది.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు, ఆ కాగితాలు ఎవరికి ఇవ్వాలో. వాళ్లకు చెప్పగలిగిన స్థానంలో ఉన్నది మీరు.

ఆ పెట్టెల్లో ఏముంటుందన్న సందేహం రావచ్చు. గాంధీ, నెహ్రూ ఉత్తరాలు ఎప్పుడో అచ్చయిపోయాయి కదా, ప్రకాశం పంతులుగారు ‘నా జీవిత యాత్ర’ రాసుకున్నారు కదా, ఇంకేం మిగిలిందని చాలామంది అడుగుతారు. నేను సమరయోధుల పింఛను కాగితాలు చూపిస్తాను. స్వాతంత్ర్య రజతోత్సవ సంవత్సరమైన 1972లో కేంద్రప్రభుత్వం వాళ్లకు పింఛను పథకం తెచ్చింది. శిక్ష పడ్డట్టు జైలు రికార్డు దొరికితే సరే, దొరకకపోతే తోటి ఖైదీలు ధ్రువపత్రం ఇవ్వాలి. పేరున్న నాయకుడొకాయన ‘ఫలానా గ్రామవాసి ఫలానా ఆయన ఫలానా ఏడాది నాతోపాటు రాజమండ్రి జైల్లో ఉన్నాడు’ అని రాసి సంతకం పెట్టాలి. తర్వాతి కాలంలో హైదరాబాద్ సంస్థానంలో జరిగిన 1938-39 ఆర్యసమాజ సత్యాగ్రహాన్ని, 1947-48లో నిజాం రాజ్యపు సరిహద్దుల్లో నడిచిన శిబిరాలను కూడా ఆ పథకం కిందికి తెచ్చారు. అప్పుడు శిబిరం నడిపినవాళ్ల సంతకాలు కావలసివచ్చాయి. దరఖాస్తు ఢిల్లీ వెళ్లింది. దాని కార్బన్ కాపీ, నాయకుడు రాసిచ్చిన ఉత్తరం నకలు, సంతకం కోసం తిరిగిన నెలల్లో వచ్చిపోయిన పోస్టుకార్డులు ఇంట్లో మిగిలాయి.

వాటిని ఒక్కసారి శ్రద్ధగా చదవండి. ఏ రాత్రి ఏ దారిన ఏ ఊరికి ఆయుధాలు మోశారు, ఎవరి గొడ్లచావిట్లో దాక్కున్నారు, అన్నం పెట్టిన ఇల్లాలి పేరేమిటి, లాఠీ దెబ్బకు ఎవరి చెయ్యి విరిగింది, ఇదంతా అందులో ఉంటుంది. పాఠ్యపుస్తకంలో నాయకుడి పేరు ఉంటుంది. ఈ కాగితంలో నాయకుడు తన చేత్తో ఇంకొకరి పేరు రాశారు. మన జిల్లాల చరిత్రను ఇంతకంటే దగ్గరనుంచి చెప్పే ఆధారం నేను చూడలేదు. సేకర్తల సంతలో దీనికి ధర పలకదు, ఎందుకంటే కింద సంతకం చేసినవారు గాంధీ కాదు. అందుకే ముందు పోయేది ఇదే.

సంతకానికి మన చరిత్రలో ఉన్న బరువు చిన్నది కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసిన అల్లూరి సీతారామరాజు, తీసుకుపోతున్న తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి కింద సంతకం చేశారని చరిత్రకారులు రాశారు. దొంగ పేరు దాచుకుంటాడు. ఈయన పేరు రాసి వెళ్లారు. మన్యం పోరాటాన్ని బందిపోటుతనంగా చూపాలనుకున్న దొరతనానికి ఆ ఒక్క సంతకమే జవాబు.

ఇంకో సంతకాల కాగితం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌లో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం. ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఎనిమిది మంది సంతకాల చుట్టూ 1969 తెలంగాణ ఉద్యమం నడిచింది, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం నడిచింది, 2014లో రాష్ట్రం విడిపోయేదాకా వాదం నడిచింది. దాని గురించి రెండు ప్రాంతాల్లోనూ మాట్లాడని ఇల్లు లేదు. దాన్ని కళ్లతో చూసిన విద్యార్థులు మాత్రం ఎందరుంటారు? అసలు ప్రతి ఏ భవనంలో ఉన్నా సరే, స్పష్టమైన ప్రతిరూపాలు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ప్రజలు చూసే చోట పెట్టండి. ఆ ఎనిమిది మందీ ఆ నెలల్లో తమ అనుచరులకు రాసిన ఉత్తరాలు రెండు రాష్ట్రాల ఇళ్లలోనూ ఉండి ఉంటాయి. వాటిని వెతకండి. ఒప్పందంలోని వాక్యాల వెనక ఉన్న భయాలు, నమ్మకాలు వాటిలోనే దొరుకుతాయి.

గాంధీజీ విషయానికి వస్తే, ఆయన తన సంతకానికి 5 రూపాయలు తీసుకునేవారు. ఆ డబ్బు హరిజన నిధికి వెళ్లేది. 1929లో ఖద్దరు నిధి కోసం ఆంధ్ర జిల్లాలు చుట్టినప్పుడు, 1933-34 హరిజన యాత్రలో మళ్లీ వచ్చినప్పుడు, తనకిచ్చిన సన్మానపత్రాలను, కానుకలను సభలోనే వేలం వేసేవారు. సన్మానపత్రం ఆయనతో వెళ్లకుండా అదే ఊళ్లో పాడుకున్నవారి ఇంటికి చేరేది. వేటపాలెం సారస్వత నికేతనంలో ఆయన చేతికర్ర ఇప్పటికీ ఉంది. 1929లో ఆ గ్రంథాలయ భవనానికి ఆయనే శంకుస్థాపన చేశారు. ఒక గ్రామ గ్రంథాలయం ఒక కర్రను ఇన్ని దశాబ్దాలు భద్రంగా పెట్టిందంటే, ఊళ్లకు దాచుకోవడం చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

గాంధీజీ ఉత్తరం చేతికి వచ్చిందంటే ఎవరి గుండె అయినా ఆగి కొట్టుకుంటుంది. అప్పుడే నిదానం కావాలి. ఆయన రెండు చేతులతోనూ రాసేవారు. 1909లో ఓడలో ‘హింద్ స్వరాజ్’ రాస్తూ కుడిచెయ్యి నొప్పి పుట్టి కొన్ని పుటలు ఎడమచేత్తో రాశారు. రెండు దస్తూరీలు ఒక మనిషివేనని తెలియనివాడు అసలును నకిలీ అనుకుంటాడు. తెలుగుతో సహా చాలా భారతీయ లిపుల్లో ఆయన సంతకం చేశారు. మహాదేవ్ దేశాయ్, ప్యారేలాల్ వంటి కార్యదర్శులు రాసిన ఉత్తరాల కింద ఆయన సంతకం మాత్రమే ఉంటుంది. కొన్నిటికి సంతకం కూడా కార్యదర్శిదే. వాడేసిన కవర్ల వెనకవైపు రాయడం ఆయనకు అలవాటు కాబట్టి, చిత్తుకాగితంలా కనిపించినంత మాత్రాన తోసిపుచ్చకూడదు.

ఫొటోల మీద సంతకాలకైతే ఇంకా జాగ్రత్త కావాలి. రాష్ట్రపతులు, ప్రధానులు అతిథులకు సంతకం చేసిన తమ ఫొటో ఇవ్వడం పాత మర్యాద. అడిగినవాళ్లకల్లా పంపే ఫొటోల మీద సంతకం అచ్చులోనే ఉంటుంది, లేదా రబ్బరు స్టాంపు. అమెరికా అధ్యక్షుల కార్యాలయాల్లో సంతకం పెట్టడానికి ఆటోపెన్ అనే యంత్రం దశాబ్దాలుగా వాడుకలో ఉంది. భూతద్దం పెట్టి చూస్తే పాళీతో చేసిన సంతకంలో సిరా కాగితపు పోగుల్లోకి కొద్దిగా పాకుతుంది, గీత మీద గీత వెళ్లిన చోట చిక్కబడుతుంది, చెయ్యి మొదట ఆనిన చోట, లేచిన చోట మందం మారుతుంది. అచ్చులో ఆ తేడా ఉండదు. ఈ విద్య పుస్తకాల్లో తక్కువ, సేకర్తల చేతుల్లో ఎక్కువ. మీ సిబ్బందికి నేర్పమంటే సంతోషంగా నేర్పేవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, రెండు పూటలు కూర్చోబెట్టి అడిగితే చాలు.

సేకర్తల్లో ఒక చెడ్డ అలవాటు కూడా ఉంది, దాన్ని నేను ఏనాడూ సహించలేదు. ఉత్తరం కింది సంతకం వరకు కత్తిరించి ఆల్బంలో అంటించడం. ఇది కొత్తది కాదు, పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలోనూ ఉంది. ఎవరికి రాశారో పోయింది, ఎందుకు రాశారో పోయింది, తేదీ పోయింది. మిగిలిన నాలుగు అక్షరాలు పచారీ కొట్టు రసీదు మీదివైనా ఒకటే. కవరు పారేసేవాళ్లు కూడా ఇదే పని చేస్తున్నారు. తపాలా ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. జైలు ఉత్తరమైతే కవరు మీదో కాగితం మీదో తనిఖీ ముద్ర ఉంటుంది. పట్టాభి సీతారామయ్యగారు 1942 తర్వాత నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో అహ్మద్‌నగర్ కోటలో ఉన్నారని అందరికీ తెలుసు. బందీల ఉత్తరాల మీద ఏ అధికారి ఏ వాక్యం కొట్టేశాడో, ఎన్ని రోజులు ఆపాడో తెలియాలంటే కవరూ ఉత్తరమూ కలిసి ఉండాలి.

ఇక నేను అడగదలచుకున్నది. మీరు ఆ కాగితాలు కొనమని అడగడం లేదు, స్వాధీనం చేసుకోమని అసలే అడగడం లేదు. నకలు తీసుకుని అసలు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఒకటి పెట్టండి. ఒక స్కానర్, ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు, ఒక వాహనం. ముందుగా ఊళ్లో గ్రంథాలయంలోనో పాఠశాలలోనో తేదీ చాటించి, వచ్చినవాళ్ల కళ్లముందే ప్రతి కాగితానికీ రెండువైపులా బొమ్మ తీసి, వివరాలు రాసుకుని, రసీదుతో సహా అప్పటికప్పుడు వాళ్ల చేతికే అసలు ఇచ్చేయాలి.

ఇది జరిగే పనేనా అంటే, ఇంతకంటే పెద్ద పని ఈ దేశం చేసింది. గాంధీజీ సంపూర్ణ రచనల మొదటి సంపుటం 1958లో వచ్చింది, నూరో సంపుటం 1994లో. ఆయన ఉత్తరాలన్నీ ఒక చోట లేవు. అవి అందుకున్నవాళ్ల దగ్గర ఉన్నాయి. దేశమంతటా, దేశం బయటా ఉన్నవాళ్లను అడిగి, అసలు ఇవ్వగలిగినవాళ్ల దగ్గర అసలు, ఇవ్వలేనివాళ్ల దగ్గర ఫొటోస్టాట్ తీసుకుని ఆ గుట్ట పేర్చారు. కొండా వెంకటప్పయ్యగారికి రాసినవి మనం ఈనాడు చదవగలుగుతున్నామంటే అలా ఎవరో దాచి, ఇంకెవరో అడగబట్టే. నాస్తికవాది గోరాగారు దేవుడు అన్న మాటకు అర్థమేమిటని 1930లో గాంధీజీని ఉత్తరం రాసి అడిగారు. తర్వాత ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ పుస్తకంలో ఆ ఉత్తరప్రత్యుత్తరాల సంగతి చెప్పారు. ఆయన దాచుకోకపోతే నాస్తికుడితో గాంధీజీ సంభాషణ అనే అపురూపమైన అధ్యాయం మనకు ఉండేదే కాదు.

నెహ్రూ ముఖ్యమంత్రులకు పదిహేను రోజులకోసారి రాసిన ఉత్తరాలు ఐదు సంపుటాలుగా వచ్చాయి. చాలా మంచి పని. అయితే ఆ ఉత్తరాలు అందుకున్న మన ముఖ్యమంత్రులు తమ జిల్లా కార్యకర్తలకు రాసినవి ఎక్కడ? ప్రకాశం, గోపాలరెడ్డి, బూర్గుల, సంజీవరెడ్డి, సంజీవయ్యగార్ల పోస్టుకార్డులు తెలుగు ఊళ్లలోనే ఉంటాయి, ఢిల్లీలో కాదు. ఢిల్లీ ఆ పని చేయదు. మీరే చేయాలి.

కొనడం మీద నమ్మకం పెట్టుకోవద్దని ఎందుకు అంటున్నానంటే, డబ్బుతో పందెం వేస్తే ఆర్కైవ్స్ గెలవవు. 2009 మార్చిలో గాంధీజీ కళ్లద్దాలు, చెప్పులు, గడియారం, కంచం, గిన్నె న్యూయార్క్‌లో వేలానికి వచ్చినప్పుడు దేశమంతా గగ్గోలు పెట్టింది. చివరికి ఒక వ్యాపారి 18 లక్షల డాలర్లకు పాడారు. 2012లో గాంధీజీ మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ కుటుంబం దగ్గరున్న గాంధీ ఉత్తరాలు, కాగితాలు లండన్‌లో సోత్‌బీస్ వేలానికి పోకముందే భారత ప్రభుత్వం దాదాపు 7 లక్షల పౌండ్లు పెట్టి తీసుకుంది. అవి జాతీయ ఆర్కైవ్స్‌కు చేరాయి. ఆ కొనుగోలు సరైనదేనని నా అభిప్రాయం. కానీ అంత సొమ్ములో ఎన్నో వంతు పెడితే రెండు రాష్ట్రాల్లో ప్రతి మండలానికీ ఆ స్కానర్ బండి వెళ్లి వస్తుందో మీ లెక్కల విభాగాన్ని అడగండి.

జనం ఎందుకు ముందుకు రారో కూడా చెప్పాలి. మొదటిది భయం. ప్రభుత్వానికి చూపిస్తే లాక్కుంటారనే మాట ఊళ్లలో బలంగా ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, రికార్డులు 75 ఏళ్లు దాటితే పురావస్తువులవుతాయి. అంటే 1950 నాటి ఉత్తరం ఇప్పటికే ఆ వయసు దాటింది. దాన్ని విదేశానికి ఎగుమతి చేయకూడదు. ఇంట్లో భద్రంగా ఉంచుకోవడం మాత్రం నేరం కాదు. ఈ రెండు వాక్యాలు తేలిక తెలుగులో అచ్చువేసి గ్రామ సచివాలయాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో అంటించండి. సగం పెట్టెలు అక్కడే తెరుచుకుంటాయి.

రెండోది పరువు. ఉత్తరాల్లో అప్పుల సంగతి ఉంటుంది, అన్నదమ్ముల తగాదా ఉంటుంది, ఒక కులాన్ని తక్కువ చేసిన మాట ఉంటుంది, ఒక ఆడపిల్ల జీవితం ఉంటుంది. అది బయటపడుతుందని కుటుంబం జంకితే ఆ జంకు న్యాయమైనదే. నకలు తీసుకున్నాక ఇన్నేళ్లపాటు ఎవరికీ చూపకూడదని షరతు పెట్టుకునే హక్కు వాళ్లకు ఇవ్వండి. పెద్ద ఆర్కైవ్స్ అన్నీ చేసేది ఇదే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని మాటల మీద హక్కు రాసినవారిది, ఆ తర్వాత వాళ్ల వారసులది. మన కాపీరైట్ చట్టంలో రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల లెక్క ఉంది. గాంధీజీ రచనలపై నవజీవన్ ట్రస్టు హక్కు 2008తో ముగిసింది. ఒక మామూలు రైతు కుటుంబం ఇవన్నీ తెలుసుకుని రావాలని ఆశించడం అన్యాయం. రసీదు కాగితం మీదే స్పష్టంగా రాసి ఇస్తే సరిపోతుంది.

నాయకుల కాగితాలు కుటుంబానివా జాతివా అన్న వాదం ఢిల్లీలోనూ తెగలేదు. నెహ్రూ స్మారక గ్రంథాలయంలో ఉన్న ఆయన కాగితాల పెట్టెలు 51 వరకు 2008లో కుటుంబం తరఫున వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ప్రధానమంత్రుల మ్యూజియంగా పేరు మారిన ఆ సంస్థ వాటిని తిరిగి అడుగుతోంది. అమెరికాలో అధ్యక్షుడి అధికారిక కాగితాలు ప్రజల ఆస్తి అని 1978లో చట్టమే చేసుకున్నారు. ఈ విషయంలో ఎవరు ఒప్పో తేల్చడం ఈ లేఖ పని కాదు. నకలు ముందే తీసిపెట్టి ఉంటే గొడవ సగం తగ్గుతుందన్నది మాత్రం ఏ పక్షం వారికైనా తెలుస్తుంది.

జనం ముందుకు రాకపోవడానికి మూడో కారణం సంస్థల వైపు నుంచే ఉంది. ఒక కుటుంబం తమ తాతగారి కాగితాలు ఉచితంగా ఇస్తామని వస్తే, ఒక సంస్థలో వాళ్లను ఒక గది నుంచి ఇంకో గదికి తిప్పి, తీసుకోవడానికి పద్ధతి లేదని చెప్పి పంపేశారు. నేను ఆ కుటుంబంతోనే ఉన్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఆ కాగితాలు తర్వాత రెండు వాటాలయ్యాయి, ఒక వాటా ఎక్కడుందో ఆ కుటుంబానికే తెలియదు. ఇచ్చేవాళ్లు గుమ్మం దాకా వచ్చినప్పుడు తీసుకునే చెయ్యి ఒకటి ఉండాలి. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక మనిషి పేరు, ఒక ఫోన్ నంబరు చాలు. గ్రంథాలయ ఉద్యమం పుట్టిన నేల ఇది. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నాం. హైదరాబాద్‌లో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొత్త భవనాలు కట్టనక్కర్లేదు, ఉన్న గ్రంథాలయాలకు ఈ పని అప్పగించండి.

ఫొటోల గురించి ఇంకాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే వాటికి గడువు ఇంకా దగ్గరపడింది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు వేల సంఖ్యలో ఢిల్లీ ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి బతికాయి. గుంటూరు, వరంగల్, కర్నూలు, ఖమ్మం స్టూడియోల వాళ్లకు ఆ భాగ్యం లేదు. వెండి కోసం నెగటివ్‌లు అమ్మేసినవాళ్లున్నారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి బొమ్మలు అధికారికంగా ఉన్నవి సరే, అదే రోజు ఊరి స్టూడియో మనిషి తీసిన బొమ్మల్లో జనం ఉంటారు, కూలీలు ఉంటారు. వాళ్ల పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇవాళ ఎనభైలు, తొంభైలు దాటి ఉన్నారు. బొమ్మ మిగిలి పేరు పోతే, అందులో ఉన్నది ఎవరో ఎవరికీ తెలియదు. అందుకే ఆ బండిలో వెళ్లే ఇద్దరిలో ఒకరి పని బొమ్మ తీయడమైతే, రెండోవారి పని పక్కన కూర్చుని అడగడం: ఈ చివర నిలబడిన ఆయన ఎవరమ్మా, మీ ఆయనా, ఏ ఊరు, ఈ ముక్క ఎవరు చించారు? ఆ జవాబులు కూడా బొమ్మతో పాటు భద్రం కావాలి.

ఇంట్లో ఉంచుకునేవాళ్లకు నాలుగు మాటలు కూడా మీరే చెప్పాలి. లామినేషన్ చేయించవద్దు, అది మళ్లీ ఊడదు, వేడికి సిరా, కాగితం రెండూ దెబ్బతింటాయి. సెల్లోటేపు అంటించవద్దు. ఫొటోను అద్దానికి ఆనించి బిగించవద్దు, తేమకు అతుక్కుపోతుంది. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో రాయాలి, బాల్‌పెన్ వద్దు. నేల మీద, బయటిగోడకు ఆనించి పెట్టె పెట్టవద్దు. 2000 ఆగస్టు వానలకు హైదరాబాద్ బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పుస్తకాలు నీట మునిగిన సంగతి మీకు గుర్తుంటుంది. అంత శ్రద్ధగా నడిచే సంస్థకే అలా జరిగితే పెంకుటింటి అటక సంగతి వేరే చెప్పాలా?

మరొక మాట, ఇప్పటి కాగితాల గురించి. తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే ఇచ్చే సిఫార్సు ఉత్తరం, ఆసుపత్రి సాయం కోసం ముఖ్యమంత్రి సహాయనిధికి రాసిన లేఖ, ఎన్నికల ముందు ఇంటింటికీ పంచే అచ్చు సంతకపు విజ్ఞప్తి, ఇవన్నీ మన కాలపు నాయకుడికీ ఓటరుకూ మధ్య నడిచిన ఉత్తరాలే. వందేళ్ల తర్వాత ఎవరైనా మన రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే ప్రసంగాలకంటే ఇవే ఎక్కువ చెబుతాయి. ఏడాదికి కొన్ని నమూనాలు, పేర్లు మరుగుపరిచి అయినా సరే, తీసి ఉంచండి. సంతకం ఇప్పుడు స్కాన్ చేసిన బొమ్మగా ఫోన్లలో తిరుగుతోంది. ఫోను మారితే అది ఉండదు.

రాష్ట్రం రెండయింది. కాగితాలు అలా విడిపోలేదు. బూర్గులవారి ఉత్తరం కర్నూలులో ఉండవచ్చు, సంజీవరెడ్డిగారిది నల్గొండలో ఉండవచ్చు. మీరిద్దరూ ఒకే పద్ధతి, ఒకే జాబితా పెట్టుకోండి. ఏ రాష్ట్రం బండి బొమ్మ తీసినా రెండో రాష్ట్రానికి ఒక నకలు వెళ్లాలి. ఆ జాబితాలో ఉత్తరం రాసిన నాయకుడి పేరు ఒక గడిలో, అందుకున్నవారి పేరు, ఊరు ఇంకో గడిలో ఉండాలి. రెండో గడి ఖాళీగా ఉంచే అనుమతి ఎవరికీ ఇవ్వవద్దు.

నా వంతుగా, నా దగ్గర ఉన్న ప్రతి ఉత్తరం, ప్రతి ఫొటో మీరు పంపే మొదటి బండి ముందు పెడతాను. నాకు తెలిసిన సేకర్తలను కూడా అడుగుతాను. వాళ్లలో చాలామంది ఇస్తారు, ఎందుకంటే తమ తర్వాత ఇవి ఏమవుతాయోనన్న దిగులు ప్రతివాళ్లకీ ఉంది. ముందు ఒక్కొక్క జిల్లా ఎంచుకోండి. వానలు మొదలయ్యేలోపు మొదటి ఊరి పేరు, తేదీ ప్రకటించండి.

ఇట్లు,
పాత ఉత్తరాలు సేకరించే ఒక తెలుగు పౌరుడు